ఆ చలికాలం నేను మాస్కోలో ఉన్నాను
సోవియట్ యూనియన్ పోయి ఇన్నేళ్లయినా రష్యన్లు అగ్రరాజ్య భ్రమ వదల్లేదని ఒక వ్యాసంలో రాశారు. చదివి బాధేసింది. 1991లో నేను అక్కడ మెడిసిన్ చదువుతున్నాను. డిసెంబర్ 25 రాత్రి సోవియట్ అధ్యక్షుడు గోర్బచేవ్ టీవీలో రాజీనామా ప్రకటించారు. కాసేపటికే క్రెమ్లిన్ మీద ఎర్రజెండా దించేశారు. మా హాస్టల్‌ చూసుకునే పెద్దావిడ టీవీ కట్టేసి, ఒక్క మాటా లేకుండా అందరికీ టీ పోసింది. అంతరిక్షంలోకి వెళ్లిన తొలి మనిషి గగారిన్ పేరెత్తితే చాలు, మొహం వెలిగిపోయే మనిషి ఆవిడ.

పది రోజులు తిరక్కుండానే, జనవరి 2న ధరల మీద అదుపు ఎత్తేశారు. ఆవిడ ముప్పై ఏళ్లు బ్యాంకులో దాచుకున్న రూబుళ్లు కొన్ని నెలల్లోనే చిల్లర డబ్బులైపోయాయి. ఉక్రెయిన్‌లోని ఖార్కోవ్‌లో ఉన్న ఆవిడ చెల్లెలు రాత్రికి రాత్రే పరాయి దేశస్థురాలైంది. మరుసటి చలికాలం మెట్రో స్టేషన్ బయట, మంచులో, ఆవిడ తన భర్త యుద్ధ పతకాలు అమ్ముతూ కనిపించింది. నన్ను చూసి తల తిప్పుకుంది. పలకరించే ధైర్యం నాకూ లేకపోయింది.

2018లో లెవాడా సెంటర్ అనే రష్యన్ సంస్థ చేసిన సర్వేలో 66 శాతం మంది రష్యన్లు యూనియన్ పోయినందుకు బాధగా ఉందన్నారు. వాళ్లందరికీ సామ్రాజ్యాలు కావాలని నేననుకోను. ఉక్రెయిన్ మీద యుద్ధం ఘోరం, దాన్ని సమర్థించను. కానీ ఆ బాధను నాయకులు వాడుకోవడం వేరు, ఆ బాధ వేరు. రెండింటినీ ఒక గాటన కట్టకండి.