గంటలెన్నో చెప్పని కొటేషన్

న్యూజెర్సీలో కొత్తగా క్లీనింగ్ కంపెనీ పెట్టిన మనవాళ్లు ఎవరు ఫోన్ చేసినా ముందు అడిగేది ఒకటే: "చదరపు అడుగుకి ఎంత వేయమంటారండీ?" 2015లో హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల భార్య లేదా భర్తకిచ్చే వీసా) మీద ఉన్న కొందరికి ఈఏడీ, అంటే పనిచేసుకునే అనుమతి, ఇవ్వడం మొదలయ్యాక ఎల్‌ఎల్‌సీ తెరిచినవాళ్లు వీళ్లలో ఉన్నారు, ఐటీ ఉద్యోగం మీద విసుగొచ్చి ఇటు తిరిగినవాళ్లూ ఉన్నారు. వాళ్ల ఉత్సాహం చూస్తే ముచ్చటేస్తుంది. కానీ ఆ ప్రశ్న దగ్గరే లెక్క పక్కదారి పడుతోంది. తుడిచేది మనిషి. ఆ మనిషికి మనం జీతం కట్టేది గంటలకు. గంటలు తేలకముందే అడుగుకి ఇన్ని సెంట్లు అనేస్తే అది నోటికొచ్చిన అంకె అవుతుంది.

ఒక మామూలు ఆఫీసు తీసుకుందాం. మొత్తం ఇరవై వేల చదరపు అడుగులు, వారానికి ఐదు రాత్రులు పని. అందులో క్యూబికల్స్, కాన్ఫరెన్సు గదులు, బ్రేక్‌రూమ్ కలిపి పద్దెనిమిది వేలు. గంటకు 4,500 అడుగులు అనుకుంటే నాలుగు గంటలు. రెస్ట్‌రూముల్ని అడుగుల్లో కొలవకూడదు. సింకు, కమోడ్, యూరినల్ ఏదైనా ఒక్కోదానికి మూడు నిమిషాలు వేసుకోవాలి. అవి ఇరవై ఉంటే ఇంకో గంట. రాత్రికి ఐదు గంటలు, నెలకు దాదాపు 108 గంటలు.

ఇప్పుడు డబ్బు. గంటకు 17 డాలర్లు ఇస్తే తప్ప మనిషి నిలవడం లేదు. దాని మీద యజమాని వాటా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ 7.65 శాతం, ఆపైన నిరుద్యోగ బీమా పన్ను, వర్కర్స్ కాంపెన్సేషన్, ముప్పై గంటలకో గంట చొప్పున ఏడాదికి నలభై గంటల దాకా సిక్ లీవ్. అన్నీ కలిపి ఇరవై శాతం వేసుకుందాం. గంట 20.40 అయింది, నెలకు 2,203. తుడిచే మందులు, చెత్త సంచులు, వాక్యూమ్ అరుగుదల 180. వారానికోసారి వెళ్లి చూసొచ్చే సూపర్‌వైజర్‌కు 260. లయబిలిటీ ఇన్సూరెన్సు, బాండు, ఆఫీసు ఖర్చు 250. పది శాతం లాభం వేసుకుంటే 3,200 పైచిలుకు. ఇప్పుడు కావాలంటే అడుగులతో భాగించుకోండి, పదహారు సెంట్లు వస్తుంది. ముందు గంటలు, చివర్లో సెంట్లు, అదీ వరస.

ఇదే ఆఫీసుకు ఇంకొకాయన ఎనిమిది సెంట్లు వేశాడనుకోండి. అంటే నెలకు 1,600. 2025లో న్యూజెర్సీ కనీస వేతనం గంటకు 15.49. 108 గంటలకు ఒక్క కనీస వేతనమే 1,670 దాటింది. ఆరుగురి కంటే తక్కువ మంది పనిచేసే చిన్న కంపెనీకి ఆ ఏడాది 14.53 అనే సడలింపు ఉండేది కదా అంటారేమో. పేరోల్ పన్ను కలపగానే అదీ 1,600 దాటిపోతుంది. సబ్బుకీ సంచికీ ఇంకా పైసా తీయలేదు.

మరి ఆయన ఎలా నెట్టుకొస్తాడు? నాకు తెలిసి దారులు రెండే. ఒకటి, ఐదు గంటల పనిని రెండున్నర గంటల్లో ముగించడం. చెత్తబుట్టలు ఖాళీ చేసి, రెస్ట్‌రూమ్‌లో వాసన రాకుండా ఏదో కొట్టి, కనిపించేంత మేర తుడిచి వెళ్లిపోతారు. కుర్చీ కింద చేయి పెడితే తెలుస్తుంది. రెండోది, పనిచేసే మనిషిని 1099 (ఉద్యోగి కాని వాళ్లకిచ్చే పన్ను ఫారం) మీద సబ్‌కాంట్రాక్టర్‌గా రాసుకోవడం, లేదా చేతికి క్యాష్ ఇవ్వడం. పనివేళలు మీవి, వాక్యూమ్ మీది, తాళంచెవి మీది, కానీ ఆమె మాత్రం స్వతంత్ర వ్యాపారి! మనిషి ఉద్యోగా, స్వతంత్ర వ్యాపారా అని తేల్చే న్యూజెర్సీ ఏబీసీ పరీక్ష ముందు ఈ వాదన నిలబడదు. నిలబడని సంగతి ఆడిట్ వచ్చినప్పుడు తెలుస్తుంది, అప్పటికి పాత బాకీలన్నీ తడిసి మోపెడవుతాయి.

మనకిది కొత్తేం కాదు. ఊళ్లో కాంట్రాక్టర్లు ఎస్టిమేట్ మీద ఇరవై శాతం లెస్‌కు వేసి పని దక్కించుకోవడం చూస్తూనే పెరిగాం. ఆ లెస్ ఎవరి కూలీలోంచి పోతుందో కూడా చూశాం. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల కోసం ఆప్కాస్ అనే ప్రభుత్వ సంస్థ పెట్టినప్పుడు ప్రభుత్వం చెప్పిన కారణం కూడా మధ్యలో ఏజెన్సీలు ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల జీతాలు కోస్తున్నాయనే. సముద్రం దాటొచ్చి కూడా అదే లెక్క వేస్తే ఎలా?

ధర తర్వాత సంగతి, ముందు భవనం చూడాలి. ఫొటోలు చూసి కొటేషన్ పంపేవాళ్లను చూస్తే నాకు భయం. మాప్ సింకు ఎక్కడుంది? రెండో అంతస్తు తుడవడానికి కిందికొచ్చి నీళ్లు పట్టుకోవాలా? డంప్‌స్టర్ పార్కింగ్ చివర ఉంటే రోజూ పావుగంట నడకకే పోతుంది. గుమ్మంలో మ్యాట్ ఎన్ని అడుగులుంది? మంచు కాలంలో ఇది ప్రాణం మీదకొస్తుంది. పార్కింగ్‌లో చల్లిన ఉప్పు బూట్లకంటుకుని లోపలికొస్తుంది, మామూలు నీళ్లతో తుడిస్తే ఆరాక తెల్లటి పొర మళ్లీ తేలుతుంది. దానికి వేరే మందు వాడి, రెండుసార్లు తుడవాలి. జూలైలో భవనం చూసి జనవరి ఊసెత్తకుండా ధర వేసినవాడికి చేతి చమురు వదులుతుంది. ఇక టాయిలెట్ పేపర్, చేతి సబ్బు, పేపర్ టవల్స్ ఎవరు కొంటారు? ఈ ఒక్క ప్రశ్న అడగకపోతే లాభం మొత్తం అందులోనే కొట్టుకుపోతుంది.

బిడ్ రాయడానికొస్తే, మొదటి పేజీలో నాణ్యత, నిబద్ధత, నమ్మకం అని రాసేవాళ్లకు ఒక మాట. అవి అందరూ రాస్తారు, ఎవరూ చదవరు. ఏ గదిలో ఏ పని, రోజూనా, వారానికా, నెలకా, అది రాయండి. "అవసరమైనప్పుడు చేస్తాం" అని మాత్రం ఎక్కడా రాయొద్దు. అవసరం ఎప్పుడో వాళ్లే చెబుతారు, రోజూ చెబుతారు. ఫ్లోర్ స్ట్రిప్ చేసి (పాత పొర తీసి) వ్యాక్స్ వేయడం, కార్పెట్ షాంపూ, ఎత్తైన కిటికీలు ఈ ధరలో లేవని విడిగా చెప్పండి. రాష్ట్ర కనీస వేతనం ప్రతి జనవరి ఒకటిన ధరల సూచీని బట్టి సవరిస్తారు కాబట్టి రెండో ఏడాది రేటు పెరిగే షరతు ఇప్పుడే రాసుకోండి.

ప్రభుత్వ టెండర్లంటే మనవాళ్లకు బెరుకు. నిజానికి అక్కడ పోటీ కొంత శుభ్రంగానే ఉంటుంది. 2,500 డాలర్లు మించిన ఫెడరల్ సర్వీసు కాంట్రాక్టుల్లో 1965 నాటి సర్వీస్ కాంట్రాక్ట్ చట్టం ప్రకారం గంటకు ఎంతివ్వాలో టెండరుతోనే చెబుతారు. కూలీలో కోత పెట్టే వీల్లేదు గనక పని ఎవరు తెలివిగా చేయిస్తారన్నదే తేడా. ఇక్కడి మునిసిపాలిటీల సీల్డ్ బిడ్లు బహిరంగంగా తెరిచి చదువుతారు. వేయకపోయినా వెళ్లి వెనక బల్ల మీద కూర్చోండి. ఎవరెంత వేశారో రాసుకోండి, ఏ కోర్సులోనూ ఇంత నేర్పరు.

అసలు తప్పులో సగం కొనేవాళ్లది. మనలోనే క్లినిక్‌లున్న డాక్టర్లున్నారు, మోటెళ్లున్నవాళ్లున్నారు, గుడి కమిటీల్లో ఉన్నవాళ్లున్నారు. మూడు కొటేషన్లు తెప్పించి తక్కువదాని మీద వేలు పెట్టడమే నిర్వహణ అనుకుంటారు. ఉగాదికి స్కూల్ ఆడిటోరియం తీసుకున్నప్పుడు కస్టోడియన్ (బడిని శుభ్రం చేసే ఉద్యోగి) ఓవర్‌టైమ్ బిల్లు చూసి "రెండు గంటలు చాలవా?" అని బేరమాడేదీ మన సంఘంవాళ్లమే. నేల మీద పులిహోర మెతుకులు ఎన్ని పడ్డాయో మనకు తెలియదా? అమెరికాలో విద్యాసంస్థల భవనాల నిర్వహణ చూసేవాళ్ల సంస్థ ఆప్పా శుభ్రతను ఐదు మెట్లుగా విడగొట్టింది. ఒకటి మచ్చ కూడా లేకపోవడం, ఐదు గాలికొదిలేయడం. మనం నాలుగో మెట్టు డబ్బులిచ్చి ఒకటో మెట్టు అడుగుతాం.

కాలిఫోర్నియాలో అయితే లేబర్ కోడ్ 2810 సెక్షన్ ఉంది. జీతాల చట్టాలు పాటించడానికి ఆ డబ్బు చాలదని తెలిసీ, లేదా తెలియాల్సి ఉండీ జానిటోరియల్ (క్లీనింగ్) కాంట్రాక్టు కుదుర్చుకుంటే, నష్టపోయిన కార్మికులు కోర్టుకెళ్లొచ్చు. రాసిచ్చినవాడితో పాటు సంతకం పెట్టించుకున్నవాడికీ బాధ్యత ఉందన్నమాట. ఇది న్యాయమే. మన న్యూజెర్సీలో చట్టం అలా అడిగినా అడగకపోయినా, కొటేషన్‌లో రాత్రికి ఎన్ని గంటలు, ఎంతమంది, గంటకెంత, డబ్ల్యూ-2నా (పేరోల్ మీద ఉద్యోగమా) కాదా అన్న నాలుగు వరుసలు లేకపోతే వెనక్కి పంపేయండి. మన గుడులు, సంఘాలు ఈ పద్ధతి మొదలుపెడితే ఎనిమిది సెంట్ల బిడ్లు వాటంతటవే తగ్గుతాయి.

"మా దగ్గర అంత బడ్జెట్ లేదండీ" అన్నవాళ్లకు కూడా దారి ఉంది. రేటు తగ్గించకండి, పని తగ్గించండి. పై ఆఫీసుకే ఐదు రాత్రుల బదులు మూడు రాత్రులు వేస్తే, ఒక్కో రాత్రికి కాస్త ఎక్కువ సమయం పట్టినా నెలకు 2,100 చుట్టూ తేలుతుంది. రెస్ట్‌రూములు, చెత్త మాత్రం మిగతా రెండు రోజులూ చూడమంటే ఇంకో మూడు, నాలుగు వందలు. ఈ రెండు ధరలూ ఒకే కాగితం మీద పక్కపక్కన పెట్టి ఇవ్వండి. కొందరు మూడు రాత్రులకు ఒప్పుకుంటారు. 1,600కే ఐదు రాత్రులూ కావాలనేవాళ్లకు నమస్కారం పెట్టి కారెక్కండి.