సవరణ: రెండు నుంచి మూడుకి పడేటప్పుడు స్లిప్ కొడితే

ఆటోమేటిక్ టిప్పర్లలో రెండో గేరు నుంచి మూడోదానికి మారేటప్పుడు ఇంజిన్ ఊరికే రేజ్ అయితే గేర్‌బాక్స్‌లోని క్లచ్ ప్లేట్లు అయిపోయినట్టే, బాక్స్ దించాలి అని ముందటి పోస్టులో ఉంది. ఆ మాట తీసేస్తున్నాం. ప్లేట్లు ఆఖరి అనుమానం కావాలి.

ముందు గేర్‌బాక్స్ ఆయిల్. ఆటోనగర్‌లో బండి రాగానే చల్లగా ఉన్నప్పుడే డిప్‌స్టిక్ లాగి చూసేస్తుంటారు. ఆ కొలత స్టార్ట్ చేయడానికి సరిపడా ఉందా అన్నది మాత్రమే చెబుతుంది. బండి సమతలం మీద, న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి, ఐడిల్‌లో, ఆయిల్ వేడి 71 నుంచి 93 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు చూసేదే అసలు లెవెల్. తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, ఎక్కువైతే నురగ కడుతుంది. రెండిట్లోనూ ప్రెషర్ పడిపోయి క్లచ్ జారుతుంది.

లెవెల్ సరిగ్గా ఉంటే రివర్స్ వేసి చూడండి. ఆలిసన్ కంపెనీ 3000, 4000 సిరీస్ ఆరు గేర్ల బాక్సుల్లో మూడు, ఐదు, రివర్స్ మూడింటికీ సీ3 అనే క్లచ్చే పనిచేస్తుంది. మూడింట్లోనూ జారితే సీ3 ప్లేట్లు గానీ, వాటిని నొక్కే పిస్టన్ సీల్ గానీ పోయినట్టు. రివర్స్ లోడుతో కూడా గట్టిగా లాగి, మారే ఆ క్షణంలోనే రేజ్ అయితే సొలినాయిడ్ (కరెంటుతో పనిచేసే ఆయిల్ వాల్వు), వాల్వ్ బాడీ (ఆయిల్ దారులుండే దిమ్మ), ఫాల్ట్ కోడ్లు చూడాలి. బాక్స్ దించక్కర్లేదు.

ఏఎంటీ (మాన్యువల్ గేర్‌బాక్స్‌కే గేర్లు వాటంతటవే మారే అమరిక ఉన్న) బండ్లకు ఇదేదీ వర్తించదు. వాటిలో ఉండేది ఆయిల్‌లో మునగని మామూలు డ్రై క్లచ్చే.