మోటారు కట్టేశారా?

మా అపార్ట్‌మెంట్‌లో అందరూ నీళ్ల మోటారుదనుకుంటున్న ఆ మోత మోటారుది కాదు, నా సబ్‌వూఫర్‌ది, అంటే బాగా కింది బేస్ మాత్రమే మోగించే స్పీకర్‌ది. ఈ మాట మా వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాను. ఒక్కరూ నమ్మలేదు.

విశాఖ సీతమ్మధారలో మా ఫ్లాట్‌లో చిన్న పడగ్గదిని నేను స్టూడియో అంటాను, ఇంట్లోవాళ్లు సామాన్ల గది అంటారు. ఉన్నవి ఐదంగుళాల మానిటర్లు, అంటే పాటలు మిక్స్ చేసేటప్పుడు వినే స్పీకర్లు. బేస్ 50 హెర్ట్జ్ దగ్గరికి దిగేసరికి చేతులెత్తేస్తాయి. ఇక్కడ బుద్ధిగా వినిపించిన డప్పు కారులో పెడితే డోర్లు అదరగొడుతుంది. అందుకని సబ్‌వూఫర్ తెచ్చాను. కంప్యూటర్‌లోని పాటని స్పీకర్లకి పంపే ఇంటర్‌ఫేస్ పెట్టె నుంచి వైర్లు ముందు సబ్‌లోకి, సబ్‌లోంచి మానిటర్లకి. 80 హెర్ట్జ్ కిందది అది ఉంచుకుని పైది వాటికి పంపుతుంది. అంతే.

డాబాగార్డెన్స్‌లో కేబుళ్లు కొనేటప్పుడు, జాక్ మీద రెండు నల్ల గీతలుండాలని ఫొటో చూపించి మరీ అడిగాను. ఆ రెండో గీత ఉన్న రకమైతే కరెంటు మోత లోపలికి రాకుండా అడ్డుకుంటుంది. ఇంటికొచ్చి విప్పితే ఒకటే గీత. ఫోన్ చేస్తే షాపతను "రెండూ ఒకటే సార్" అన్నాడు. ఒకటే అయితే రెండు గీతల రేటెందుకు తీసుకున్నట్టో! కవరు విప్పితే వాపసు లేదట. విప్పకుండా గీతలెలా కనబడతాయి? ఆ కేబుళ్లతోనే కలిపాను. కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ గుయ్‌మనే మోత ఉచితంగా వచ్చింది.

ఇక సబ్‌ని ఏ మూల పెట్టాలో తేల్చుకోవాలి. దీనికి ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి ఒకటుంది. మనం కూర్చునే కుర్చీలో సబ్‌ని కూర్చోబెట్టాలి. మనం నేల మీద పాకాలి. ఎక్కడ బేస్ సమంగా వినిపిస్తే అక్కడికి సబ్‌ని మార్చాలి. 80 హెర్ట్జ్ అల పొడవు నాలుగు మీటర్ల పైచిలుకు, నా గది అంత లేదు. కాబట్టి గోడలకి తగిలి తిరిగొచ్చే అలలతో కలిసి ఒకచోట బేస్ మీద పడుతుంది, కాస్త జరిగితే మాయమైపోతుంది. 30 నుంచి 100 హెర్ట్జ్ దాకా మెల్లగా ఎక్కే టోన్ పెట్టి, లుంగీ ఎగ్గట్టి, చెవి నేలకానించి మంచం పక్కనుంచి బయల్దేరాను.

బీరువా దాకా వచ్చేసరికి కళ్లెదుట రెండు పాదాలు. అసోసియేషన్ సెక్రటరీగారు. తలుపు తీసే ఉందట.

"ఏటి బాబూ, నీకూ వినిపించిందేటి? మోటారు కట్టేసి గంటయిపోనాది, మోత ఆగట్లేదు!"

హార్బర్‌లో టగ్గుల ఇంజిన్ల దగ్గర పనిచేసి రిటైరయ్యారాయన. చప్పుడు విని ఏ సిలిండర్‌కి జబ్బో చెప్పేవారట. నేను చెప్పడానికి నోరు తెరిచేలోపే కండువా నడుముకి బిగించి నా పక్కన వంగారు. "నువ్వటు, నేనిటు" అన్నారు. పెద్దాయన మోకాళ్ల మీద ఉండగా నేను లేచి నిలబడితే మర్యాదగా ఉండదు కదా. ఇద్దరం పాకాం. కుర్చీలో సబ్‌వూఫర్ మాత్రం పెళ్లిపెద్దలా కూర్చుని ఉంది.

ఒప్పుకోవాలి, చెవి మంచిదే. గది మూలకి వెళ్లి గోడ తట్టి "ఇదిగో, ఇక్కడే జోరుగా ఉంది" అన్నారు. మూలల్లో బేస్ పోగుపడడం నిజమే. "అంకుల్, అది ఆ పెట్టెలోంచి..." అని ప్లగ్ పీకేశాను. మోత ఆగింది.

"చూశావా! పైపులో గాలి. చెయ్యి పడగానే ఎల్లిపోనాది" అని మోకాళ్లు దులుపుకున్నారు. నా మాట ఎవరికి కావాలి? లిఫ్ట్ దగ్గరికి వెళ్లేలోపే గ్రూపులో పెట్టేశారు, మా ఫ్లాట్ గోడలో పైపు తేడా, రిపేరు ఖర్చు ఓనరుదే అని. కింద అయిదారు దండాలు, ఒక చప్పట్లు.

సబ్ మోతా మానిటర్ల మోతా ఒకదాన్నొకటి కొట్టేయకుండా చూసే ఫేజ్ స్విచ్ 0లో ఉంచాలో 180లో ఉంచాలో ఇంకా చూడనే లేదు. ప్లంబర్ వచ్చాడు. ఉలి, సుత్తి తెచ్చుకున్నాడు. "ఏ మూలండీ?" అంటున్నాడు.