మార్కులు కలిపితే సరిపోతుందా?

విశ్వవిద్యాలయంలో గణితం పరీక్ష ముగిసిన సాయంత్రం నుంచి ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. పేపర్ చాలా కఠినంగా వచ్చిందని విద్యార్థులు గగ్గోలు పెడతారు, విభాగం మౌనం వహిస్తుంది, మూల్యాంకనం సగంలో ఉండగానే ఎక్కువమంది గట్టెక్కేలా లేరని తేలితే మోడరేషన్ పేరుతో అందరికీ కొన్ని మార్కులు కలిపి ఫలితాలు ప్రకటిస్తారు. ఉత్తీర్ణత శాతం మర్యాదగా కనిపిస్తుంది. ఆ ప్రశ్నపత్రాన్ని ఎవరు ఏ లెక్కన తయారుచేశారన్న ప్రశ్న మాత్రం జవాబుపత్రాల కట్టలతో పాటే అటకెక్కుతుంది. దీన్ని విద్యార్థుల పట్ల ఔదార్యమని చెప్పుకుంటున్నారు. నిజానికి ఇది సంస్థ తన తప్పును తానే మాఫీ చేసుకోవడం.

వడపోతకు కఠినమైన పరీక్ష అవసరమని, వంతెన కట్టేవారికి గణితం గట్టిగా రావాలని వాదించేవారున్నారు. ఆ మాట నిజమే. పేపర్ కఠినంగా ఉండటం మీద మాకూ ఫిర్యాదు లేదు. తరగతిలో నేర్పింది ఒకటి, పరీక్షలో అడిగింది మరొకటి, చివరికి మార్కుల జాబితాలో చూపించింది ఇంకొకటి కావడం మీదే మా ఫిర్యాదు.

మొదటి సంవత్సరం కలన గణితాన్నే (కాలిక్యులస్) తీసుకుందాం. తరగతిలో ఎక్కువ గంటలు పద్ధతుల మీదే గడుస్తాయి. ఈ రకం ప్రమేయం వస్తే ఈ ప్రతిక్షేపణ, ఆ రకం వస్తే విభాగ సమాకలనం. ట్యుటోరియల్ షీట్లలోనూ అవే లెక్కలు. పరీక్షలో మాత్రం, ఎక్స్ విలువ 2ను సమీపిస్తున్నప్పుడు ఎక్స్ వర్గం అవధి (లిమిట్) 4 అని ఎప్సిలాన్-డెల్టా నిర్వచనంతో నిరూపించమంటారు. అంటే, సున్నా కన్నా పెద్దదైన ఎప్సిలాన్ ఎంత చిన్నదైనా సరే, ఎక్స్‌కూ 2కూ తేడా డెల్టా కన్నా తక్కువైతే ఎక్స్ వర్గానికీ 4కీ తేడా ఎప్సిలాన్ కన్నా తక్కువయ్యేలా, సున్నా కన్నా పెద్దదైన ఒక డెల్టాను చూపించాలి. జవాబు 4 అని ఎవరైనా చెప్పగలరు. నిరూపణ మొదలుపెట్టిన విద్యార్థి, ఎక్స్ వర్గం మైనస్ 4ను రెండు కారణాంకాలుగా విడగొట్టేవరకూ బాగానే వస్తాడు. వాటిలో ఎక్స్ మైనస్ 2ను డెల్టా అదుపులో ఉంచుతుంది, మరి ఎక్స్ ప్లస్ 2ను ఏం చేయాలి? డెల్టా 1కి మించదని ముందే అనుకుంటే ఎక్స్ 1కీ 3కీ మధ్యనే ఉంటుంది, ఎక్స్ ప్లస్ 2 విలువ 5 దాటదు, కాబట్టి 1, ఎప్సిలాన్‌లో అయిదో వంతు, ఈ రెండింటిలో చిన్నదాన్ని డెల్టాగా తీసుకుంటే పని ముగుస్తుంది. చూస్తే ఒక్క వాక్యం. ఆ వాక్యం ఎలా తట్టాలో, అలాంటిదాన్ని మరోచోట ఎలా వెతుక్కోవాలో ఎవరైనా బోర్డు ముందు నిలబడి, తప్పు రాసి, కొట్టేసి, మళ్లీ రాసి చూపించారా? చాలాచోట్ల బోర్డు మీదకు వచ్చేది ఇస్త్రీ చేసిన తుది నిరూపణే. విద్యార్థి దాన్ని పద్యంలా బట్టీపడతాడు. పరీక్షలో వర్గానికి బదులు ఘనం కనిపిస్తే కలం అక్కడే ఆగిపోతుంది.

గణితజ్ఞులకు కూడా ఈ నిర్వచనం ఊరికే దొరకలేదు. కలన గణితం మీద లైబ్నిజ్ తొలి వ్యాసం వెలువడింది 1684లో. అవధి అనే భావన మీద ఆ శాస్త్రాన్ని నిలబెట్టిన కోషీ పాఠ్యగ్రంథం వచ్చింది 1821లో. ఇవాళ మనం రాసే రూపం స్థిరపడటానికి 19వ శతాబ్దం ద్వితీయార్ధంలో వైయర్‌స్ట్రాస్ పాఠాల దాకా ఆగాల్సి వచ్చింది. ఆయిలర్ అంతటివాడు అది లేకుండానే జీవితమంతా లెక్కలు చేశాడు. అంతటివారికి నూట యాభై ఏళ్లకు పైగా పట్టిన మెలికను వారం రోజుల పాఠంతో సరిపెట్టి, పరీక్షలో అది రాయలేనివాణ్ణి సోమరి అంటున్నారు. ఆ సోమరికే రెండు వారాలు తిరక్కుండా మార్కులు కలుపుతున్నారు. సోమరి అయితే కలపడం ఎందుకు? కాకపోతే తిట్టడం ఎందుకు?

కాఠిన్యాన్ని దాచుకోని పరీక్షలు లేకపోలేదు. ఉత్తర అమెరికాలో డిగ్రీ విద్యార్థులు రాసే పుట్నమ్ (Putnam) గణిత పోటీ 1938లో మొదలైంది. ఆరు గంటల్లో 12 ప్రశ్నలు, 120 మార్కులు. రాసినవారిలో సగం మందికి సున్నా లేదా ఒక్క మార్కు దాటని సంవత్సరాలు కూడా ఉన్నాయి. అక్కడ మార్కులు కలపాల్సిన పని లేదు, ఎందుకంటే ఇష్టపడినవారే కూర్చుంటారు, సున్నా వచ్చినా ఎవరి డిగ్రీ ఆగదు. డిగ్రీకి గడప లాంటి పరీక్షను పోటీ పరీక్షలా తయారుచేసి, ఆనక అది మామూలు పరీక్షేనని నమ్మించడానికి మార్కులు చల్లడం కపటం.

ఈ కపటం వల్ల బాగుపడేది ఎవరో కేంబ్రిడ్జి చరిత్ర చెబుతుంది. అక్కడ ట్రైపాస్ అనే గణిత డిగ్రీ పరీక్షలో 1854లో, తర్వాత భౌతికశాస్త్రవేత్తగా పేరు తెచ్చుకున్న మాక్స్‌వెల్‌ను రెండో స్థానానికి నెట్టి మొదటి ర్యాంకు తెచ్చుకున్న ఎడ్వర్డ్ రౌత్, ఆ తర్వాత అదే పరీక్షకు ప్రైవేటుగా శిక్షణ ఇచ్చి పాతిక మందికి పైగా మొదటి ర్యాంకర్లను తయారుచేశాడు. ర్యాంకుల వరుస ప్రకటించే ఆచారం 1909తో ఆగింది. బోధనకూ పరీక్షకూ మధ్య సందు మిగిలితే అందులో కోచింగ్ వచ్చి కూర్చుంటుంది. ఇప్పుడు పరీక్షకు ముందు రాత్రి చేతులు మారే ‘ఇంపార్టెంట్’ ప్రశ్నల జిరాక్సులు కూడా ఆ సందులోంచి వచ్చినవే.

విద్యార్థుల తప్పు లేదని మేము అనడం లేదు. సెమిస్టరంతా పుస్తకం తెరవక చివరి వారంలో పాత పేపర్లు తిరగేసేవారికి ఏ ప్రశ్నపత్రమైనా కఠినమే. కానీ వారికి ఆ ధైర్యం ఇస్తున్నది ఎవరు? కిందటిసారి కలిపారు కాబట్టి ఈసారీ కలుపుతారన్న భరోసా బెంచీల మీదే కాదు, ప్రశ్నపత్రం తయారుచేసే బల్ల దగ్గర కూడా ఉంది. ఎలాగూ సర్దుతారులే అనుకున్న పరీక్షకుడు కాలాన్ని లెక్కచూడడు, సిలబస్‌ను తిరగేయడు. కలిపిన ప్రతి మార్కూ తర్వాతి చెడ్డ పేపర్‌కు ముందే ఇచ్చిన అనుమతి. అవధి అర్థం కాకుండా దాటేసిన విద్యార్థికి ఆపైన అనంత శ్రేణులు ఎదురవుతాయి, అవకలన సమీకరణాలు ఎదురవుతాయి. మోడరేషన్ ఇచ్చిన మార్కులు అక్కడ పనికిరావు. మళ్లీ కలపాలి. నిజంగా కష్టపడి మూడు ప్రశ్నలకు నిరూపణలు రాసిన విద్యార్థిని ఈ గొడవలో ఎవరూ పట్టించుకోరు.

మార్కులు కలపక తప్పనప్పుడు, ఏ ప్రశ్నకు ఎంతమందికి ఎన్ని మార్కులు వచ్చాయో, ఆ ప్రశ్న ఏ పాఠంలోనిదో, ఆ పాఠానికి ఎన్ని గంటలు కేటాయించారో బయటపెట్టాకే కలపాలి. ఇందుకు కొత్త కమిటీ అక్కర్లేదు, మూల్యాంకన రిజిస్టరు చాలు. ఇక పేపర్ తయారుచేసే పెద్దలకు ఒక మాట. వచ్చే సెమిస్టర్ ప్రశ్నపత్రాన్ని కవరులో పెట్టి సీలు వేసే ముందు, ఎదురుగా గడియారం పెట్టుకుని, మీ సొంత నోట్సు మూసేసి, దాన్ని ఒక్కసారి మీరే రాసి చూడండి. మూడు గంటల పేపర్‌ను మీరు గంటలో ముగించలేకపోతే, ఆ కవరుకు సీలు వేయకండి.