వాగు తప్పా, వల తప్పా?

వాగు బాగుందో లేదో తెలుసుకోవాలంటే నీళ్లు సీసాలో పట్టి ల్యాబ్‌కి పంపడం ఒక పద్ధతి. ఆ సీసా ఆ పూట సంగతే చెబుతుంది. రాత్రి ఎవరైనా రసాయనం వదిలితే తెల్లారేసరికి కొట్టుకుపోతుంది. రాళ్ల కింద బతికే పురుగులు, నత్తలు, పీతలు అలా కాదు. వారాలు, నెలలు ఆ నీళ్లలోనే గడుపుతాయి కాబట్టి, ఏవి ఉన్నాయో ఏవి లేవో చూస్తే వాగు ఏం భరించిందో తెలుస్తుంది. ఆలోచన మంచిదే. చిక్కంతా ఆ ‘లేవు’ అన్న మాటతోనే. ఉష్ణమండలపు వాగుల్లో లేవని రాసేస్తున్న వాటిలో చాలా వరకు అక్కడే ఉంటాయి. వలలో పడలేదు, అంతే.

సర్బర్ శాంప్లర్ అనే పరికరం 1930లలో అమెరికాలో పుట్టింది, ఇప్పటికీ అంతటా వాడుతున్నారు. అడుగు పొడవు, అడుగు వెడల్పు చట్రం, దాని వెనక సంచిలాంటి వల. చట్రాన్ని వాగు అడుగున అదిమిపట్టి, లోపలున్న రాళ్లను ఒక్కొక్కటే తీసి బ్రష్‌తో రుద్దుతారు. ఊడినదంతా ప్రవాహమే వలలోకి తోస్తుంది. దాన్ని తెల్ల ట్రేలో బోర్లిస్తే మొదట కనిపించేది చెత్తే: కుళ్లిన ఆకు ముక్కలు, ఇసుక. ఓ నిమిషం ఓపిక పడితే ఆ ఇసుకలోంచి ఒక చిన్న గొట్టం నడక మొదలుపెడుతుంది. ఇసుక రేణువులతో ఇల్లు కట్టుకుని, దాన్ని ఈడ్చుకు తిరిగే క్యాడిస్‌ఫ్లై అనే పురుగు లార్వా, అంటే పిల్ల దశ అది. ఎన్నిసార్లు చూసినా ముచ్చటగానే ఉంటుంది.

ఇంతకీ ఆ వల కన్ను ఎంత? చాలా చోట్ల 500 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు. చలి దేశాల్లో దానితో పని జరుగుతుంది. అక్కడ చాలా జాతుల గుడ్లు ఇంచుమించు ఒకే కాలంలో పగిలి పిల్లలవుతాయి, లార్వాలు కలిసికట్టుగా పెరుగుతాయి. అవి ఎదిగిన సీజన్ చూసుకుని వల దించితే సరి. వెచ్చటి నీళ్లలో అలాంటి సీజన్ దొరకడం కష్టం. నీళ్లలో పెరిగి రెక్కలొచ్చాక ఎగిరిపోయే మేఫ్లై పురుగుల్లో కొన్ని గుడ్డు నుంచి రెక్కల దాకా కొన్ని వారాల్లోనే ముగించేస్తాయి, ఏడాది పొడవునా గుడ్లు పెడుతూనే ఉంటాయి. ఏ రోజు వెళ్లినా నిన్నో మొన్నో గుడ్డులోంచి వచ్చిన వెంట్రుకంత లార్వాలు ఉంటాయి, అర మిల్లీమీటరు కన్నులోంచి హాయిగా జారిపోతాయి. 250 మైక్రాన్ల వల వాడితే చాలా వరకు దొరుకుతాయి. కానీ ట్రేలో ఏరే పని ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ ఏరేవాళ్ల జీతానికి బడ్జెట్‌లో చోటుండదు. నా దృష్టిలో అసలు సమస్య అదే, సైన్స్ కాదు.

చిన్నవి జారిపోతే, పెద్దవి తప్పించుకుంటాయి. చట్రం నీళ్లను తాకేలోపే రొయ్య వెనక్కి ఒక్క ఉదుటున ఎగిరి మాయమవుతుంది. పోతే పోనీ అనుకోవడానికి లేదు. కరీబియన్ దీవి ప్యూర్టో రికోలోని లుకీయో అడవి వాగుల్లో రాలిన ఆకులను చీల్చేదీ, రాళ్ల మీద పేరుకున్న మట్టిని ఊడ్చేదీ ప్రధానంగా రొయ్యలే. వాటిని లెక్కలో వదిలేసి, ఉష్ణమండలపు వాగుల్లో ఆకులు తినే జీవులు తక్కువని చాలాకాలం చెప్పుకున్నారు. పగలు రాళ్ల సందుల్లో దాక్కునే ఇలాంటి వాటి కోసం రాత్రంతా బోనులు పెట్టాలి. ఆఫీసు వేళల్లో వెళ్లి వచ్చేస్తే దొరకవు.

ఇక దొరికిన జీవులను బట్టి వాగుకి మార్కులేసే విషయం. బ్రిటన్‌లో 1970లలో రూపుదిద్దుకున్న బీఎండబ్ల్యూపీ పద్ధతి ఒక్కో కుటుంబానికి, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపుకి, 1 నుంచి 10 దాకా మార్కులిస్తుంది. కాలుష్యాన్ని ఎంత తట్టుకోలేకపోతే అన్ని ఎక్కువ మార్కులు. స్టోన్‌ఫ్లై అనే పురుగుల కుటుంబాల్లో చాలావాటికి 10, దోమల్లాంటి కైరోనమిడ్ పురుగులకు 2. ఉష్ణమండల ఆఫ్రికాలో స్టోన్‌ఫ్లైలంటే దాదాపు నియోపెర్లా అనే రకం ఒక్కటే. మిగతావి అక్కడ మొదటినుంచీ లేవు. పుట్టుకతో లేనిదాన్ని కాలుష్యం ఖాతాలో వేస్తే ఎలా? పోనీ కైరోనమిడ్లా, శుభ్రమైన ఒక్క వాగులోనే పదుల జాతులు ఉండొచ్చు. అన్నిటికీ కలిపి ఆ రెండు మార్కులే. దక్షిణాఫ్రికా పూర్తిగా ఉష్ణమండలం కాకపోయినా ఈ విషయంలో బుర్ర పెట్టింది. అక్కడి సాస్-5 పద్ధతిలో బేటిడే కుటుంబపు మేఫ్లై ఒక్క రకమే దొరికితే 4 మార్కులు, రెండు రకాలైతే 6, అంతకు మించితే 12. రాళ్లు, మొక్కలు, ఇసుక-బురద నమూనాలను విడివిడిగా చూస్తారు కూడా. అరువు తెచ్చుకున్న స్కేలును ఇలా సొంత వాగుకి సరిచేసుకోవచ్చు.

జీవులు నీళ్లలో వదిలే డీఎన్ఏతో ఈ బాధలన్నీ తీరిపోతాయనే మాట ఇప్పుడు బాగా వినిపిస్తోంది. నాకంత నమ్మకం లేదు. ఆ డీఎన్ఏ ఎగువ నుంచి కొట్టుకొచ్చిందేమో తెలియదు, ఎన్ని జీవులున్నాయో సరిగా చెప్పదు. పోల్చి చూడ్డానికి పేరు పెట్టిన జాతుల జాబితా కావాలి. అది తయారయ్యేది మళ్లీ ఆ ట్రే ముందు కూర్చున్నవాళ్ల చేతుల్లోనే.

వరద సంగతి మరీ మొరటుగా ఉంటుంది. ఒక్క గట్టి వాన చాలు, అడుగునున్న రాళ్లు దొర్లిపోయి సగం జీవులు గల్లంతు. మర్నాడు తీసిన నమూనాలో సంఖ్య పడిపోతే ఆ తప్పు ఏ ఫ్యాక్టరీదీ కాదు. అయినా నమూనా సీసాలో వేసే చీటీ మీద చోటు, తేదీ, తీసినవాళ్ల పేరు మాత్రమే రాసి ఊరుకుంటున్నారు. వల కన్ను ఎంత, పగలా రాత్రా, చివరి వాన పడి ఎన్ని రోజులైంది అన్నవి కూడా అక్కడే రాయాలి. పెన్సిల్‌తోనే సుమా, నమూనా పాడవకుండా సీసాలో పోసే ఆల్కహాల్‌లో పెన్ను సిరా కరిగిపోతుంది.