ఒకే కుటుంబం, వేర్వేరు గడువులు

భర్తకు హెచ్-1బీ (ఉద్యోగ వీసా) పొడిగింపు వచ్చేసింది కాబట్టి భార్య హెచ్-4 (కుటుంబ సభ్యుల వీసా) కూడా దాంతోపాటే పెరిగిపోయిందని నమ్మే కుటుంబాలు అమెరికాలో ఇప్పటికీ ఉన్నాయి. ఇది కాపురాలను కష్టాల్లోకి నెట్టే అపోహ. కంపెనీ వేసే ఐ-129 పిటిషన్ ఉద్యోగికి మాత్రమే పనికొస్తుంది. జీవిత భాగస్వామి, 21 ఏళ్లలోపు పిల్లలు అక్కడే ఉండాలంటే ఐ-539 దరఖాస్తు విడిగా పెట్టుకోవాలి. కొన్ని కంపెనీలు తమ లాయర్లతోనే ఆ పని కూడా చేయిస్తాయి. పట్టించుకోని కంపెనీలూ ఉన్నాయి. చట్టప్రకారం ఆ బాధ్యత కుటుంబానిదే.

ఎన్నాళ్లు ఉండవచ్చో చెప్పేది పాస్‌పోర్టులోని వీసా స్టాంపు కాదు, దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే ప్రవేశ రికార్డు ఐ-94. పాస్‌పోర్టు గడువు ఏడాదిలో ముగియబోతుంటే విమానాశ్రయంలో అధికారి ఐ-94ను ఆ తేదీ వరకే ఇవ్వవచ్చు. చేతిలోని ఆమోదపత్రం మీద మూడేళ్లు, ఐ-94లో ఒక్క ఏడాది! సొంతూరు నుంచి తిరిగి వచ్చిన అలసటలో ఆన్‌లైన్‌లోకి వెళ్లి ఆ తేదీ చూసుకునేవారు తక్కువ. గడువు దాటి 180 రోజులకు మించి ఉండి బయటికి వెళ్తే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు తిరిగి అడుగుపెట్టకుండా నిషేధం పడుతుంది. గడువులోపు పొడిగింపు కోరితే మాత్రం నిర్ణయం వచ్చేదాకా ఉండనిస్తారు.

ఉండనిస్తారు సరే, పని చేయనిస్తారా? అసలు అన్యాయం ఇక్కడే ఉంది. 2015 మే 26 నుంచి కొందరు హెచ్-4 భాగస్వాములకు ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు, దక్కుతోంది. హెచ్-1బీ ఉద్యోగి గ్రీన్‌కార్డు కోసం వేసిన ఐ-140 పిటిషన్ ఆమోదం పొంది ఉండాలి, లేదా ఆరేళ్ల పరిమితి దాటి పొడిగింపు వచ్చి ఉండాలి. ఈ కార్డు మీద ఉద్యోగం చేస్తున్నవారిలో అత్యధికులు భారతీయ మహిళలే. ఇది చెల్లదంటూ అమెరికన్ ఉద్యోగుల సంస్థ ఒకటి వేసిన కేసును 2024 ఆగస్టులో అప్పీళ్ల కోర్టు తోసిపుచ్చింది. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. హక్కు కోర్టుల్లో నిలబడింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్లు, ఆఫీసు జాప్యమే దాన్ని చేతికి అందనివ్వడం లేదు.

ఉద్యోగి పిటిషన్‌కు అదనపు ఫీజు కడితే 15 పనిదినాల్లో ఫలితం తేలుతుంది. హెచ్-4 పొడిగింపునకు, దాని ఈఏడీకి ఆ వెసులుబాటే లేదు. 2019 మార్చిలో ఐ-539 దరఖాస్తుదారులందరూ వేలిముద్రలు ఇవ్వాల్సిందేనన్నప్పుడు ఫైళ్లు నెలల తరబడి పేరుకుపోయాయి. బాధితులు కోర్టుకెక్కారు. 2023 జనవరిలో కుదిరిన రాజీతో, కలిపి వేసిన ఉద్యోగి, భాగస్వామి దరఖాస్తులను కలిపే చూడటానికి అమెరికా వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్ ఒప్పుకొంది. అదీ రెండేళ్లకే. 2025 జనవరితో ఆ గడువు తీరింది. అదే ఏడాది అక్టోబరు 30 నుంచి మరో దెబ్బ: ఆ రోజు గానీ, ఆ తర్వాత గానీ రెన్యువల్‌కు వేసినవారికి పాత కార్డు గడువు దానంతటదే పెరిగే సౌకర్యాన్ని తీసేశారు.

కార్డు ముగిసే రోజు వరకు కొత్తది రాకపోతే ఆ సాయంత్రమే ల్యాప్‌టాప్ అప్పగించి ఇంటికి రావాలి. జీతం ఆగుతుంది, ఇంటి అప్పు వాయిదా ఆగదు. చాలా రాష్ట్రాల్లో డ్రైవింగ్ లైసెన్సు గడువు కూడా వలస పత్రాల తేదీతో ముడిపడి ఉంటుంది కాబట్టి పిల్లలను బడికి దింపడం సైతం సమస్యే. ఏళ్ల తరబడి సంపాదించుకున్న అనుభవం ఉన్న ఇంజినీరో, నర్సో తన తప్పేమీ లేకుండా నెలల పాటు ఇంట్లో కూర్చోవాలి. తిరిగి వెళ్లేసరికి ఆ కొలువు ఉంటుందన్న హామీ లేదు.

భద్రతా తనిఖీల కోసమే ఈ మార్పు అని అమెరికా ప్రభుత్వం అంటోంది. తనిఖీ చేసే హక్కు ఏ దేశానికైనా ఉంటుంది, కాదనం. కానీ వీరు వీసా ఇచ్చేముందు ఒకసారి, దేశంలోకి వచ్చేటప్పుడు మరోసారి పరిశీలించినవారే. ఉద్యోగి ఫైలుకు 15 పనిదినాల్లో పూర్తయ్యే పరిశీలన అదే ఇంట్లోని భార్య ఫైలుకు ఎందుకు కాదో ఆ దేశం చెప్పాలి. కలిపి వేసిన దరఖాస్తులను కలిపే తేల్చడాన్ని శాశ్వత నిబంధన చేయాలి. కార్డు గడువు దానంతటదే పెరిగే సౌకర్యాన్ని పునరుద్ధరించాలి.

ఈ నిరీక్షణకు మూలం గ్రీన్‌కార్డుల్లో ఉంది. ఉద్యోగ కోటా ఏడాదికి సుమారు 1,40,000. ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వకూడదన్నది సాధారణ నియమం. అందువల్ల భారతీయులకు దశాబ్దాల క్యూ. తాత్కాలికమన్న హెచ్-4 మీదే యవ్వనం గడిచిపోతోంది. పిల్లలు 21 నిండగానే ఆ వీసాకు అనర్హులవుతున్నారు. వాషింగ్టన్‌తో హెచ్-1బీ గురించి మాట్లాడే ప్రతిసారీ మన ప్రభుత్వం హెచ్-4 కుటుంబాల సంగతీ అదే పట్టుతో ఎత్తాలి.

ఆ మార్పులు వచ్చేలోపు కుటుంబాలు తమ జాగ్రత్త తాము తీసుకోవాలి. ఈఏడీ రెన్యువల్‌కు గడువుకు 180 రోజుల ముందే దరఖాస్తు చేయవచ్చు, ఆ మొదటి రోజునే చేయాలి. దేశం దాటి వచ్చిన ప్రతిసారీ ఇంటిల్లిపాదీ ఐ-94 తేదీ చూసుకోవాలి. భర్త మెయిల్లోనో, అతని కంపెనీ లాయర్ దగ్గరో ఉన్న కాగితాల నకళ్లు భార్య దగ్గరా ఉండాలి. అతని ఉద్యోగం పోతే ఆమెకూ మిగిలేది గరిష్ఠంగా 60 రోజులే. విడాకులైతే హెచ్-4 హోదాయే పోతుంది. వేధింపులకు గురవుతున్న భాగస్వాములు విడిగా పని అనుమతి కోరే వీలు అమెరికా చట్టంలో ఉందన్న సంగతి అక్కడి మన సంఘాలు ప్రతి ఇంటికీ చేరవేయాలి.