మేకు కొట్టని వాడికే మోక్షం

"ఇల్లు అద్దెది కావచ్చు, జీవితం అద్దెది కాదు కదా ఫ్రెండ్స్!" అంటున్నాడు వీడియోలో ఒకాయన. అని, చేతిలో ఉన్న గుడ్డ గులాబీని ఖాళీ సీసాలో గుచ్చి, ఆ సీసాను కాస్త ఎడమకు జరిపి, మళ్లీ కాస్త కుడికి జరిపి, ఇప్పుడు తేడా చూడండి అన్నాడు. చూశాను. సీసా ముందు ఎక్కడుందో అక్కడే ఉంది.

ఇళ్లు మారుతూ బతికే జనం మొత్తానికీ ఇప్పుడు ఇలాంటివాళ్లే గురువులు. తక్కువ ఖర్చులో, ఒక్క మేకు కూడా కొట్టకుండా అద్దె కొంపను రాజభవనం చేయడం ఎలాగో వారం వారం బోధిస్తుంటారు. నేను భక్తిగా ఈయన పాత వీడియోలన్నీ చూసుకుంటూ వెనక్కి వెళ్లాను. అన్నింట్లోనూ అదే పెద్ద కిటికీ, దాంట్లోంచి అదే బంగారు రంగు ఎండ, కింద అదే చెక్క నేల. అంటే ఇళ్లు మారేవాళ్లకు సలహాలిచ్చే ఈ మహానుభావుడు ఇంతవరకూ ఇల్లు మారలేదన్నమాట! ఆ ఎండ పడితే సీసా ఏం ఖర్మ, చీపురు నిలబెట్టినా అందంగానే ఉంటుంది. మన కిటికీ తెరిస్తే పక్కింటివాళ్ల బాత్రూమ్ గోడ, దాని మీద పైనుంచి కిందిదాకా ఒక పైపు. ఆ పైపుకి ఏ పువ్వు గుచ్చాలో ఆయన ఇంకా సెలవివ్వలేదు.

సరే, ఆయన మొదటి సూత్రం మేకు కొట్టకూడదు. మేకుకి బదులు అతికించే కొక్కెం వాడాలి. కొక్కెమే కదా అని తేలిగ్గా తీసుకోకండి, దాని ప్యాకెట్ వెనకాల భూతద్దం పెట్టినా కనపడని అక్షరాల్లో ఒక చిన్న ధర్మశాస్త్రం ఉంటుంది. గోడను ముందు స్పిరిట్‌తో తుడవాలి. అతికించాక 30 సెకన్లు గట్టిగా నొక్కి పట్టుకోవాలి. ఆ తర్వాత ఒక గంట దాని జోలికి వెళ్లకూడదు. గోడకు కొత్తగా రంగు వేసి ఉంటే వారం రోజులు ఆగాలి. గోడ గరుకుగా ఉండకూడదు. తీసేటప్పుడు మన వైపు లాగకూడదు, గోడకు ఆనించే ఉంచి, తోకను కిందికి, నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా సాగదీయాలి. ఇవన్నీ పాటించినవాడి కొక్కెం నిలబడుతుంది. నిజం చెప్పాలంటే బాగానే నిలబడుతుంది.

కానీ అద్దె ఇంటి గోడ ఎలా ఉంటుందో కొక్కెం తయారుచేసినవాడికేం తెలుసు? మనం దిగడానికి రెండు రోజుల ముందు, పాత మురికి మీదే, నీళ్లు ఎక్కువ రంగు తక్కువగా కలిపి ఒక్క పూత పూసి వదిలేసిన గోడ అది. వీపు ఆనిస్తే చొక్కాకు వస్తుంది. కొక్కెం ఆ గోడకు అతుక్కోదు, గోడ మీది రంగుకు అతుక్కుంటుంది. ఆ రంగేమో గోడకు అతుక్కుని ఉండదు. అర్ధరాత్రి ధన్‌మని శబ్దం. లైటేసి చూస్తే ఫొటో అద్దం ముక్కలు, వాటి మధ్యలో కొక్కెం, అరచేయంత రంగు పెచ్చును గట్టిగా కౌగిలించుకుని. తన కర్తవ్యాన్ని అది ఒక్క క్షణం కూడా వదల్లేదు పాపం. వదిలింది గోడ.

పీకి అతికించే వాల్‌పేపర్ కథ కూడా ఇంతే, విస్తీర్ణం ఎక్కువ. ఉండాలనుకున్న చోట మూల నుంచి లేచి వస్తుంది, తీసేద్దామనుకున్న రోజు గోడను వెంటబెట్టుకుని వస్తుంది. "ఒక్క గోడను మార్చండి చాలు, గది మొత్తం మారిపోతుంది" అంటారు వీళ్లు. మారిపోయేది గది కాదు నాయనా, మనం. గది ఎక్కడికీ పోదు.

తర్వాత పనికిరాని వస్తువుకు పునర్జన్మ ఇవ్వడం. సరుకులు మోసే చెక్క ప్యాలెట్లు ఎవరో పారేస్తే తెచ్చుకుని టీపాయ్ చేసుకోమంటాడు. దాని మీద కొట్టిన ముద్ర చదవమని మాత్రం చెప్పడు. దేశాలు దాటే ప్యాలెట్ల చెక్కలో పురుగులు ప్రయాణం చేయకుండా శుద్ధి చేస్తారు. ముద్రలో హెచ్‌టీ అని ఉంటే వేడి చేసినది, ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది. ఆ రెండో రకాన్ని తెచ్చి హాలు మధ్యలో వేసుకుని, దాని మీద పిల్లలకు టిఫిన్ పెట్టి, "ఉచితంగా వచ్చింది!" అని మురిసిపోయేవాళ్లకు నమస్కారం. ఉచితం అనుకోవడం కూడా మన భ్రమే. ఆ బరువు టీపాయ్‌ని తర్వాతి ఇంటి మూడో అంతస్తుకు ఎక్కించేటప్పుడు సామాన్లవాళ్లు మన వైపు ఒక చూపు చూస్తారు. ఆ చూపు కూడా ఖర్చులో రాసుకోవాలి.

విప్పి మళ్లీ బిగించుకునే ఫర్నిచర్ గురించి కూడా ఇదే పాట. 1956లో ఐకియాలో పనిచేసే గిల్లిస్ లుండ్‌గ్రెన్ ఒక టేబుల్ కారులో పట్టక దాని కాళ్లు ఊడదీశాడని, అక్కడి నుంచే ఈ పద్ధతి ఆ కంపెనీలో ఊపందుకుందని చెబుతారు. గమనించండి, ఆయన కాళ్లు విప్పింది టేబుల్‌ని కారులో పట్టించడానికి. ఏటేటా విప్పి బిగించుకోమని ఆయనేం చెప్పలేదు. రంపపు పొట్టు అదిమి చేసిన బోర్డు ఏ కంపెనీదైనా సరే, మొదటిసారి బిగించిన మర అందులో నిలుస్తుంది, రెండోసారి లూజు, మూడోసారి రంధ్రంలోంచి పొట్టు మాత్రమే రాలుతుంది. అలా నాలుగో ఇంటికి చేరిన బీరువాలు చాలానే చూశాను. తలుపు మూస్తే పక్క గోడ తెరుచుకుంటుంది.

మొక్కలు పెట్టండి, గాలి శుభ్రమవుతుంది అంటాడు ఇంకో చోట. ఇది 1989లో నాసా చేసిన ప్రయోగం నుంచి మొదలైన మాట. ఆ ప్రయోగం చేసింది గాలి చొరబడని మూసిన పెట్టెల్లో. మామూలు ఇంట్లో తలుపు సందులోంచి వచ్చే గాలి చేసేపాటి పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరు నేలకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని 2019లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసినవాళ్లు లెక్క తేల్చారు. వెయ్యి మొక్కలు పెట్టుకుంటే మనం ఎక్కడ పడుకోవాలి అనేది వేరే వీడియోలో చెబుతాడు కాబోలు. అందానికి పెట్టుకోండి, ఎవరొద్దన్నారు? అటక మీంచి దింపిన సామానుకే చోటు లేని వాహనంలో కుండీని ఒళ్లో పెట్టుకుని ప్రయాణం చేసే ఓపిక ఉంటే భేషుగ్గా పెట్టుకోండి.

కర్టెన్ల సంగతి ఎత్తను. పాత ఇంట్లో నేల ఊడ్చిన కర్టెన్ కొత్త ఇంట్లో మోకాళ్ల దగ్గర ఆగిపోతుంది. అంతే.

అయ్యవారు ఒక్క మంచి మాట మాత్రం చెప్పారు, ఒప్పుకోవాలి. బల్బు మార్చుకోండి అన్నారు. ఓనరు బిగించిన 6500 కెల్విన్ తెల్ల లైటు కింద ఎవరి మొహమైనా ఆపరేషన్ టేబుల్ మీద ఉన్నట్టే ఉంటుంది. దాన్ని విప్పి జాగ్రత్తగా దాచి, 2700 కెల్విన్ పసుపు వెలుగు బల్బు పెట్టుకుని, పోయేటప్పుడు మనది మనం తీసుకుని వాళ్లది వాళ్లకు బిగించి పోవచ్చు. గోడ తాకనక్కర్లేదు. పైగా ఆ వెలుగులో పెచ్చులు కూడా సరిగ్గా కనపడవు. కానీ బల్బు మార్చడం ఎంతసేపు, అర నిమిషం. అర నిమిషంలో వీడియో అయిపోతే ఆయనకేం గిట్టుబాటు? అందుకని దానికి వెదురు బుట్ట బోర్లించి, బుట్టకు తాడు చుట్టి, తాడుకు పూసలు కట్టి...

ఇంతకీ అసలు ఘట్టం ఖాళీ చేసే రోజు. దాన్ని ఏ వీడియోలోనూ చూపించరు, కాబట్టి నేనే చూపిస్తాను.

మేకు కొట్టకూడదన్నా ఎక్కడో ఒకటి కొట్టి ఉంటాం. గడియారం వేలాడాలి కదా. ఆ రంధ్రాలకు వీడియో వైద్యం టూత్‌పేస్ట్. కాస్త పెట్టి, అట్టముక్కతో చదును చేస్తే మాయం అంటాడు. చిక్కెక్కడంటే, మన గోడ తెల్లది కాదు, ఒకప్పుడు తెల్లగా ఉండేది. పేస్ట్ మాత్రం మిలమిలలాడే తెలుపు. అప్పటిదాకా ఎవరి కంటా పడని రంధ్రం కాస్తా ఇప్పుడు హాలు చివర నుంచి కూడా కనపడుతుంది. ఇంతలో తెల్ల పేస్ట్ అయిపోతుంది. మిగిలింది పిల్లల పేస్ట్, ఎర్రగా, లోపల మెరుపులతో. టైమ్ లేదు, అదే పూస్తాం. కింద సామాన్లవాళ్లు అరుస్తుంటారు, మంచం మెట్ల మలుపులో ఇరుక్కుందని. అప్పుడు వస్తారు ఓనరుగారు, ఫోన్ టార్చి వేసుకుని, కంటి డాక్టరు రెప్ప ఎత్తి చూసినట్టు గోడను చూసుకుంటూ.

"ఇదేంటండీ?"

"మేం రాకముందే ఉంది అంకుల్ అది."

"లేదే! గోడలన్నీ నేను చూసే ఇచ్చాను మీకు."

కుళాయి కారుతోందని ఫోన్ చేసిన ప్రతిసారీ "ఏ కుళాయండీ, మన ఇంట్లోనా?" అని అడిగిన మనిషే ఈయన. సీలింగ్‌లో చెమ్మ సంగతి వాన వెలిసేదాకా గుర్తుండదు ఆయనకు. గోడలో మేకు రంధ్రాలు మాత్రం పుట్టిన తేదీలతో సహా కంఠస్థం. ముందుకు వంగి వాసన చూస్తారు.

"గోడ పుదీనా వాసన వస్తోందేంటండీ?"

"రూమ్ స్ప్రే అంకుల్."

వేలితో రాస్తారు. వేలికి ఎర్రగా అంటుకుంటుంది, మెరుపులతో. ఆ వేలిని టార్చి వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకుంటారు. ఇంటిల్లిపాదీ ఆయన వెనక వరసగా నిలబడి ఆ వేలినే చూస్తూ ఉంటాం. చిన్నది ఉండబట్టలేక, "అది నా పేస్ట్!" అంటుంది. మంచం ఇంకా మెట్ల మలుపులోనే ఉంది.

ఇక ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరుస్తారు. "ఇలా అయితే ఇల్లంతా పెయింటింగ్ చేయించాలండీ. అడ్వాన్స్‌లో పట్టుకుంటాను."

ఇల్లంతా! రెండు రంధ్రాలకు వంటింటి సీలింగ్ కూడా! ఇక్కడ నవ్వు రావడం లేదు నాకు. ఇంట్లో మనిషి ఉంటే గోడ మాసిపోతుంది, రంగు వెలిసిపోతుంది. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు అద్దెకున్నవాడి దగ్గర డబ్బు పట్టుకోకూడదని చాలా దేశాల చట్టాల్లో ఉంది. జర్మనీలో అయితే మామూలు సంఖ్యలో ఉన్న రంధ్రాలు కూడా ఇల్లు వాడుకోవడంలో భాగమేనని కోర్టులు చెప్పాయి. అంతెందుకు, గోడలో మర నిలబడడానికి వాడే ప్లగ్ పుట్టిందే బ్రిటిష్ మ్యూజియంలో, గోడలు పాడవకుండా కరెంటు సామాను బిగించడానికి, 1911 ప్రాంతంలో. మ్యూజియం గోడకు చిన్న రంధ్రం చేయనిచ్చారయ్యా! మీ ఇంటి గోడ అంతకన్నా పురాతన సంపదా?

అక్షరం ముక్క రాని వయసులో మా పిల్ల ఒక బొమ్మ గీసింది. ఇల్లు, పక్కన చెట్టు, పైన సూర్యుడు. దాన్ని గోడకు అంటిస్తానంటే, వద్దమ్మా, ఓనర్ అంకుల్ ఊరుకోరు అని చెప్పాల్సి వచ్చింది. ఫ్రిజ్ మీద అంటించింది. అందమైన ఇల్లు ఎవరికి చేతకాదు? అందంగా ఉంచుకోవడానికి ఒప్పుకోనిది ఎవరు? వాళ్లను అడిగే దమ్ము లేదు కాబట్టి మనకు సీసాలు, పూసలు, వెదురు బుట్టలు అమ్ముతున్నారు. పదకొండు నెలలకోసారి అద్దె పెంచి, "మా అబ్బాయి వస్తున్నాడండీ, ఖాళీ చేయాలి" అని పంపించేసి, పై వారమే ఇంకో రేటుకి బోర్డు తగిలించే మనిషి గురించి ఒక్క వీడియో చేయరు. ఆ అబ్బాయి ఏ ఇంటికీ ఎప్పుడూ రాడు. ఏళ్ల తరబడి వస్తూనే ఉంటాడు. ఆ బోర్డు దేనికి తగిలిస్తారో తెలుసా? మేకుకి!

నేను మేకు కొట్టినా ఇల్లంతా రంగు నా డబ్బుతోనే, కొట్టకపోయినా నా డబ్బుతోనే. ఈ ముక్క తాళాలిచ్చిన రోజే చెప్పి ఉంటే స్పిరిట్ సీసా పట్టుకుని గోడలు తుడుచుకుంటూ కూర్చునేవాణ్నే కాదు. ఈసారి కొత్త ఇంటికి అడ్వాన్స్ కట్టగానే ఓనరుగారిని ఒక్కటే అడుగుతాను. రంగు డబ్బులు ఎలాగూ ఇచ్చేశాను కదా అంకుల్, మీ దగ్గర సుత్తి ఉంటే ఇస్తారా?